పిడి చెక్కితే వీళ్ళకేంటట?

సాయంత్రం పెట్టేసిన ఫోనుకి ఇప్పుడు రాత్రి పదకొండున్నర దాటాక కూడా మనసులో సమాధానాలు చెప్తూనే ఉన్నాను. అన్నయ్య అక్కడ హాయిగా భోంచేసి ఏ సినిమానో చూస్తుంటాడు. మావారు గుర్రు పెడుతున్నారు. నాకే నిద్ర రావట్లేదు. ఇక్కడ కక్కేసి పడుకుంటా.

గొడవంతా ఓపినెల్ గురించి. మిద్దె మీద పురికొస కోస్తుంటానే, ఆ మడత చాకు. అన్నయ్య పోయిన సంక్రాంతికి ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నుంచి తెచ్చాడు. ఇవాళ వంగమొక్కలు చూపిద్దామని ఫోను పట్టుకుని మిద్దె ఎక్కాను. కాయలు ఎంత నిగనిగలాడుతున్నాయో! ఒక్క మాట అనాలా? అనలేదు. నా చేతిలో చాకు కనబడింది.

"ఏమే, ఏం చేశావ్ దాన్ని?"

"చెక్కాను."

"చెక్కడమేంటి? దాని విలువంతా పోయిందిగా!"

అసలు సంగతి ముందు చెప్పాలి. ఓపినెల్ 8వ నెంబరు సైజు చాకు పిడి గుండ్రంగా ఉంటుంది, నడుమ కొంచెం లావు. చివరికొచ్చేసరికి మళ్ళీ వెడల్పై రెండు మూలలు తేలతాయి. చేత్తో పట్టుకుంటే ఎంత బాగుంటుందో చెప్పలేను, జారదు కూడా. మడిచి జేబులో వేసుకుంటేనే తంటా. దీన్ని గీసినవాళ్ళు నా కుర్తీ జేబుని ఊహించి ఉండరు. ఆ పలచటి బట్టలో గుండ్రటి పిడి దొర్లుతుంది, అడ్డం తిరుగుతుంది. కుండీల మధ్య గొంతుక్కూర్చుంటే ఆ చివరి మూల సరిగ్గా తొడకి గుచ్చుకుంటుంది. గోంగూర కోయడానికి కూర్చోవడం, అబ్బా అని లేవడం, జేబులోంచి తీసి పిట్టగోడ మీద పెట్టడం, అక్కడే మర్చిపోవడం. ఓ రాత్రంతా వానలో తడిసింది పాపం. నీలం కుర్తీ జేబు కుట్టు కూడా దాని పుణ్యమే.

అందుకని మావారి పెట్టెలోంచి ఆకురాయి తీశాను. చివరి మూలలు రెండూ అరగదీశాను. ఆ తర్వాత రెండు బుగ్గలూ కాస్త చదును చేశాను, జేబులో పక్కకి పడుకునేలా. అక్కడ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. బ్లేడు మడతపడే గాడి పిడి మధ్యలోనే ఉంటుంది, అటూ ఇటూ మిగిలిన చెక్కే దానికి గోడలు. ఆశపడి ఎక్కువ తీస్తే గోడ పలచనై చీలుతుంది. అందుకే గీయడం, మడవడం, జేబులో వేసుకుని కూర్చుని చూడటం, మళ్ళీ గీయడం. చివర్లో ఉప్పు కాగితం, గరుకు తగ్గించుకుంటూ 120, 240, 400 నెంబర్లు వరసగా. 400 పట్టేసరికి ఆ బీచ్ చెక్క ఎంత నున్నగా వచ్చిందో! చెంపకి ఆనించుకున్నాను కూడా. చిన్నది చూసి నవ్వింది, నవ్వనీ.

పై వార్నిష్ పోయింది కాబట్టి చెక్క నీళ్ళు తాగుతుంది. అందుకని అవిసె నూనె పలచగా పట్టించి, ఆరాక మళ్ళీ పట్టించాను. (నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నేను తీగ మీద విడిగా ఆరేస్తాను.) బందరు వానాకాలం తెలుసుగా, తలుపులే ఉబ్బి పట్టేస్తాయి, ఇక ఈ చెక్క ఎంత. ఉబ్బితే బ్లేడు గాడిలో ఇరుక్కుని గోటికి రాదు. దానికి వాళ్ళ ఊరి చిట్కా ఒకటి అన్నయ్యే చెప్పాడు. బ్లేడు మొదట్లో ఉండే తిరిగే రింగు వదులు చేసి, పిడి వెనక కొసని గట్టి చోట టక్కున కొడితే బ్లేడు కాస్త బయటికొస్తుంది. సవోయ్ దెబ్బ అంటారట, సవోయ్ అంటే ఈ చాకు పుట్టిన కొండ ప్రాంతం. నేను మెట్టు మీద కొడితే, లోపల్నుంచి మావారు "ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు" అని కేక.

సరే, విలువ. దాని విలువ గురించి నాకు ఎంత పాఠం చెప్పాడో! 1890లో జోసెఫ్ ఓపినెల్ అనే కుర్రాడు ఆల్ప్స్ కొండల్లో, పనిముట్లు చేసే వాళ్ళ నాన్న కొలిమిలో దీన్ని తయారుచేశాడట. రైతుల కోసం చేసిన చాకట. 1985లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ళు ప్రపంచంలోని వంద అందమైన వస్తువుల్లో కలిపారట. బ్లేడు మీద ఆ కిరీటం పెట్టిన చెయ్యి గుర్తుకీ ఓ కథ. అన్నీ నిజాలే, కాదనను. ఆ మ్యూజియం నేను చెక్కిన ముక్కని అడగలేదు కదా! అదేం బంగారం కాదు, వాళ్ళ దేశంలో కూరలు కోసుకునే చాకు. రైతు జేబులో ఉండాల్సింది నా జేబులో ఉంది, నేను కూడా మట్టి పనే చేస్తున్నాను, చేసేది నాలుగు కుండీల్లోనే అయినా.

పైగా మార్చకూడదంటే వాళ్ళే ఎందుకు మార్చారు? ఆ తిరిగే రింగు, బ్లేడు వేళ్ళ మీద పడకుండా ఆపేది, 1955లో వచ్చింది. అంటే మొదటి అరవై అయిదేళ్ళు అది లేదు. మూసి ఉన్నప్పుడు కూడా బిగుసుకునేలా చేసింది ఇంకా తర్వాత. మొదట్లో 1 నుంచి 12 దాకా నెంబర్లుంటే, 1నీ 11నీ ఆపేశారు. కంపెనీ మారిస్తే మెరుగు, నేను మారిస్తే పాడు! ఇదంతా ఫోన్లో తోచి చావలేదు. ఫోన్లో నేను అన్నది, "పోన్లే అన్నయ్యా, నాకు గుచ్చుకుంటోంది" అని మాత్రమే.

దానికి ఏమన్నాడో తెలుసా? "నాది చూడు, ఎలా కొన్నానో అలానే ఉంది." సొరుగులోంచి తీసి కెమెరాకి చూపించాడు. ఉంటుంది మరి, సొరుగులో పడుకున్న చాకుకి ఏమవుతుంది? దానికి మామిడి రసం తెలుసా? నా బ్లేడు కార్బన్ ఉక్కు, నూజివీడు రసాలు కోసీ కోసీ నీలం, బూడిద రంగు మరకలతో మబ్బు పట్టినట్టుంది. ఆ మరకలు చూసి మావారు ఆ చాకుతో కోసిన పండు ముట్టుకోరు, ఇనుము వాసనట. వీళ్ళందరికీ నా చాకు మీద ఒక్కో అభిప్రాయం. ఓసారి సంచిలో మర్చిపోయి షాపింగ్ మాల్‌కి వెళ్తే గేటు దగ్గర గార్డు పైకెత్తి పట్టుకుని, "ఇది మీకెందుకు మేడం?" అన్నాడు, వరసలో అందరూ చూస్తుండగా. లోపలికి రానివ్వకపోవడం అతని డ్యూటీ, ఒప్పుకుంటా. ఎందుకని అడగడం డ్యూటీ కాదు.

అన్నయ్యకి చెప్పాల్సిన అసలు జవాబు అమ్మమ్మ అనుకున్నాను, స్నానం చేస్తుంటే తట్టింది. అమ్మమ్మ బొడ్లో తాళాలగుత్తికి వేలాడే తాతయ్య చాకు. కొమ్ము పిడి. తాతయ్య చుట్ట చివర కోసుకోవడానికి వాడేవారు, ఆయన పోయాక అమ్మమ్మ తన గుత్తికి కట్టుకుంది. పురికొస, పూలదండ దారం, పాలేరుకిచ్చే నిమ్మకాయ, మాకు జామకాయ, అన్నిటికీ అదే. వంగినప్పుడల్లా పిడి మూల నడుములో గుచ్చుకుంటోందని నూతి చప్టా మీద నీళ్ళు చల్లి రుద్దేది. నేనూ అన్నయ్యా పక్కన కూర్చుని చూసేవాళ్ళం. కొమ్ము అరుగుతుంటే జుట్టు కాలినట్టు ఓ వాసన వచ్చేది, అన్నయ్య ముక్కు మూసుకుని పారిపోయేవాడు. చూశావా, అమ్మమ్మ కూడా అరగదీసింది అని మెసేజ్ పెడదామనుకున్నాను.

టైపు చేస్తుంటే మిగతా సగం గుర్తొచ్చింది. ఆ పిడి ఒకవైపు పగిలితే పెద్దమావయ్య దాన్ని బందరు తీసుకొచ్చి, ఎర్ర ప్లాస్టిక్ పిడి వేయించి, రివిట్లు కొట్టించి, సాన పట్టించి తళతళలాడిస్తూ తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టాడు. అమ్మమ్మ అటూ ఇటూ తిప్పి చూసి అటక మీద పెట్టేసింది. "ఏంటమ్మా, కొత్తదానిలా చేయించానుగా" అంటే, "కొత్తది కావాలంటే కొట్లో లేదూ?" అంది. ఆ తర్వాత పూలదండ దారం కూడా కత్తిపీట మీదే కోసుకుంది. మావయ్యతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. అత్తయ్య మధ్యలో కబుర్లు మోసింది.

ఇప్పుడు ఈ అమ్మమ్మ ఎవరి పక్షం?

నా పక్షమే అనిపించింది ముందు. తను రుద్దితే తప్పు లేదు, వేరేవాళ్ళు మార్చితేనే తప్పు. నా చాకు నేను చెక్కుకున్నాను. కానీ అది పూర్తిగా నాదేనా? ఆ కొండల్లోనే, సాన్-జాన్-ద-మోరియెన్‌లో ఓపినెల్ మ్యూజియం ఉంది. అన్నయ్య అక్కడికి వెళ్ళినప్పుడు రెండు చాకులు కొన్నాడు, ఒకటి తనకి, ఒకటి నాకు, ఒకే నెంబరు. ఇచ్చేటప్పుడు రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, నీకేది కావాలో తీసుకో అన్నాడు. రెండూ అచ్చు ఒకటే, ఇందులో ఎంచుకోవడమేంటని నేను నవ్వాను కూడా. ఇవాళ కెమెరా ముందు తనది ఎత్తి చూపించింది అందుకేనేమో. నేను పోటీ అనుకున్నాను.

మరి అదే మాట అనొచ్చుగా? విలువ, మ్యూజియం, 1985 అంటూ పాఠం చెప్పే బదులు, జత చెడగొట్టావే అంటే నాకు అర్థం కాదా? మా ఇంట్లో మగాళ్ళంతా ఇంతే. మావయ్య అయినా, సారీ అమ్మా అనకుండా రివిట్లు ఎంత గట్టివో వివరించాడు. అయినా అన్నయ్య ముందే చెప్పి ఉంటే చెక్కకుండా ఉండేదాన్నా? ఉండేదాన్ని కాదు, తొడ నాది.

ఇప్పుడే చూశా, తొమ్మిదింటికి ఒక మెసేజ్ పెట్టాడు. "దగ్గర్నించి ఒక ఫొటో పెట్టు, గాడి పక్క ఎంత మందం ఉంచావో చూస్తా." ఇది కోపమో, రాజీయో, ఇంకో పాఠానికి ముందుమాటో తెలియట్లేదు. ఫొటో పెట్టను. సంక్రాంతికి వస్తాడుగా, చేతికే ఇస్తా, పట్టుకుని చూసుకుని అప్పుడు తిట్టమను.

ఈలోగా ఇంకో పని ఉంది. పిడి చివర చిన్న బెజ్జం వేసి నూలు తాడు కడితే, జేబు లేని చీర రోజుల్లో బొడ్లో దోపుకోవచ్చు. మావారి డ్రిల్లు ఎదురింటివాళ్ళు పట్టుకెళ్ళారు, ఎప్పుడిస్తారో అడిగితే ఆయనకి మొహమాటం. రేపు నేనే వెళ్ళి అడుగుతా.