జేబులో పట్టే కెమెరా కోసం నాలుగు నెలలు

మసక వెలుతురులో పుస్తకం పేజీ తిప్పుతున్న అమ్మమ్మ చేతిని ఫోనుతో ఫొటో తీశాను. ఫోను తెర మీద బాగానే ఉంది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఆ చేతి మీద ముడతలు లేవు! వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిన్న సెన్సర్‌కు అది చాలక నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, పుట్టింది, దాన్ని తుడవబోయి ఫోను ముడతలను కూడా తుడిచేసింది. ఎప్పుడూ వెంట ఉండే చిన్న కెమెరా ఒకటి కొనాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఎంచుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదట తొందరపడ్డాను. ఎవరో వాడిన పాత కెమెరాను 30 రెట్ల జూమ్ చూసి కొన్నాను. దాని సెన్సర్ పొడవు 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. మసక వెలుతురులో ఫోనుకున్న కష్టమే దానికీ ఉంది. పైగా నెల తిరగకుండానే జేబులోని నూలు పోగులు, దుమ్ము లెన్స్ గొట్టాల మధ్య చేరి, లెన్స్ సగం బయటికి వచ్చి బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఏ కెమెరా గురించి చదివినా ముందు సెన్సర్ కొలతలే చూశాను.

అక్కడా ఒక చిక్కు ఎదురైంది. ‘ఒక అంగుళం సెన్సర్’ అంటే 25 మిల్లీమీటర్లు ఉంటుందనుకున్నాను. నిజానికి అది 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. పాతకాలపు వీడియో కెమెరాల్లో ఉండే గాజు గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరు అది. గొట్టాలు పోయినా పేరు మిగిలింది. అలాగని ఆ సెన్సర్‌ను తీసిపారేయలేం. నా పాత కెమెరా సెన్సర్ కన్నా వైశాల్యంలో నాలుగు రెట్లు పెద్దది. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్ 100 దాన్ని 240 గ్రాముల కెమెరాలో ఇమిడ్చింది. ఇక ఏపీఎస్-సీ సెన్సర్, అంటే 23.5 బై 15.6 మిల్లీమీటర్లది, దానికి మూడు రెట్ల పైమాటే.

చాలామంది లెన్స్ మీది ఎఫ్ అంకెను (అది ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది) మాత్రమే చూసి ఎఫ్ 1.8 ఉన్న కెమెరాయే చీకట్లో మేలని తేల్చేస్తారు. నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఎఫ్ 2.8 కన్నా ఎఫ్ 1.8 దాదాపు 2.4 రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది. కానీ ఏపీఎస్-సీ సెన్సర్‌కు మూడు రెట్ల చోటు ఉంది కనుక, ఎఫ్ 2.8 లెన్స్‌తోనూ అదే కాస్త ముందుంటుంది. పైగా 2016 నాటి కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2 వంటి వాటిలో జూమ్ చివరికి వెళ్లేసరికి ఎఫ్ 1.8 కాస్తా ఎఫ్ 2.8 అవుతుంది. అమ్మమ్మ చేతికి ఏది సరిపోతుందో ఈ లెక్కతో నాకు స్పష్టమైంది.

అయితే సెన్సర్ ఎంత పెద్దదైనా కెమెరా ఇంట్లో ఉండిపోతే లాభం లేదు. అందుకని అట్టముక్కలు కత్తిరించి, నేను అనుకున్న మూడు కెమెరాల కొలతలతో మూడు పెట్టెలు చేశాను. వాటిలో ఇసుక పోసి అసలు బరువుకు తెచ్చాను. ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్‌కు 521 గ్రాములు, సోనీ ఆర్‌ఎక్స్ 100 సెవెన్‌కు 302, రికో జీఆర్ త్రీ ఎక్స్‌కు 262. ఒక్కో పెట్టెను వారం పాటు జేబులో వేసుకుని తిరిగాను. ఫుజీఫిల్మ్‌లో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మీద నాకు చెప్పలేనంత మోజు. అయినా మూడో రోజు నుంచే ఆ పెట్టెను బల్ల మీద వదిలి వెళ్లడం మొదలైంది. మిగిలిన రెండింటి మధ్య బరువులో తేడా నాకు తెలియలేదు, మందంలో మాత్రం బాగా తెలిసింది. దాదాపు 43 మిల్లీమీటర్ల మందం ఉన్న సోనీ పెట్టె కూర్చున్న ప్రతిసారీ తొడకు ఒత్తుకుంది. 35 మిల్లీమీటర్ల రికో పెట్టె ఉన్నట్టే అనిపించలేదు.

రికోలో జూమ్ లేదు. దాన్ని వదులుకోగలనా అన్నది తర్వాతి ప్రశ్న. ఫోనులో ఏడాది ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. దాచుకున్న వాటిలో ఎక్కువ భాగం నేను అంచులు కత్తిరించినవే. లెన్స్ మిల్లీమీటర్లు పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది. 24 మిల్లీమీటర్ల లెన్స్ చూపులో మధ్య 60 శాతం వెడల్పును మాత్రమే మిగుల్చుకుంటే, అది 40 మిల్లీమీటర్ల లెన్స్ చూపు అవుతుంది. నా కత్తిరింపులన్నీ దాదాపు అక్కడికే చేరాయి. 2019లో వచ్చిన రికో జీఆర్ త్రీకి 28 మిల్లీమీటర్ల చూపు, 2021లో వచ్చిన త్రీ ఎక్స్‌కు 40. నా కన్ను ఏది కోరుతోందో నా పాత ఫొటోలే చెప్పాయి.

త్రీ ఎక్స్ మా అక్క దగ్గర ఉంది. “నాలుగు రోజులు వాడి ఇవ్వు. మెనూల జోలికి పోకు, ఒక్క చేత్తో తీయగలవో లేదో చూసుకో చాలు” అంది. ఇంత మంచి సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. ముందే పెట్టుకున్న దూరానికి ఫోకస్ చేసే స్నాప్ ఫోకస్ అక్కడే పట్టుబడింది. దూరాన్ని 2.5 మీటర్లకు, ఎపర్చర్‌ను, అంటే లెన్స్ రంధ్రాన్ని, ఎఫ్ 8కి పెట్టుకుంటే సుమారు 1.6 మీటర్ల నుంచి 6 మీటర్ల వరకు అంతా స్పష్టంగా పడుతుంది. కెమెరా ఫోకస్ కోసం వెతుక్కోదు. బటన్ పూర్తిగా నొక్కగానే ఫొటో పడుతుంది. పరుగెత్తే పిల్లవాడి కాలు నేలను వదిలిన క్షణం నాకు అలాగే దొరికింది.

దీనిలో లేనివి తక్కువేమీ కాదు. వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర చూడడానికి అరచేయి అడ్డం పెట్టుకుంటాను. ఫ్లాష్ లేదు. వానకు, దుమ్ముకు తట్టుకునే రక్షణా లేదు కనుక గుడ్డ సంచీలో పెట్టి, ఆ జేబులో ఇంకేమీ వేయను. బ్యాటరీ సుమారు 200 ఫొటోలకు వస్తుందని అంచనా, అందుకే రెండోది వెంట ఉంచుకుంటాను. అన్నీ తెలిసే దీన్ని కొన్నాను.

మొన్న సాయంత్రం అమ్మమ్మ మళ్లీ అదే చోట చదువుకుంటోంది. దీపం వేయలేదు. ఎఫ్ 2.8, 1/40 సెకను, వెలుతురుకు సెన్సర్ స్పందనను చెప్పే ఐఎస్ఓ 3200. ఫొటోలో సన్నని నాయిస్ ఉంది, ముడతలన్నీ ఉన్నాయి. అమ్మమ్మ కళ్లజోడు పైకి జరిపి, బొటనవేలి పక్కన వెతికి, “ఈ మచ్చ కూడా పడిందే!” అంది.