ఆదివారం తెలుగు చదువు: ఈ ఏడాది చిట్టా

జూన్

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పూట పిల్లలతో తెలుగు పుస్తకాలు చదివిస్తుంటాను. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్ళు. అందరిదీ ఇంగ్లిష్ మీడియమే. ఇంట్లో గలగలా మాట్లాడతారు గానీ ఒక పేజీ పైకి చదవమంటే ప్రతి ఒత్తు దగ్గరా ఆగుతారు. నేను టీచర్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. ఇది నా సరదా కాబట్టి సిలబస్ టెన్షన్ లేదు.

టైము గంటన్నర. మొదటి ఇరవై నిమిషాలు నేను చదువుతాను, వాళ్ళు పుస్తకంలో చూస్తూ వింటారు. తర్వాత అరగంట వంతులవారీగా తలా ఒక పేరా వాళ్ళు చదువుతారు. పది నిమిషాలు మంచినీళ్ళు, అల్లరి. మిగిలిన అరగంట నోట్‌బుక్ పని. ఇద్దరికి ఒక పుస్తకం చొప్పున కొంటాను. ఎవరి పుస్తకం వాళ్ళ చేతిలో ఉంటే చురుకైనవాళ్ళు ముందు పేజీలకు పరిగెత్తి, పక్కవాడు చదివేది వినరు.

ఈసారి పద్ధతి కొంచెం మార్చాను. ఎనిమిదో తరగతి అమ్మాయికి ఉపమాలంకారం లక్షణం కంఠతా వచ్చు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అన్నీ వరసగా చెప్పింది. నవలలో ఒక పేజీ ఇచ్చి ఇందులో ఎక్కడైనా ఉందేమో చూడమంటే, "ఇది కథ కదా ఆంటీ, అలంకారాలు పద్యాల్లో కదా ఉండేది" అంది. మిగతావాళ్ళు కూడా తలూపారు. అందుకని ఈ ఏడాదికి అలంకారాల పేర్లు అడగడం మానేశాను. ఒక్కటే ప్రశ్న: రాసినవాడు ఈ పోలికను ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడు? వంటింట్లోంచా, పొలంలోంచా, ఏటిగట్టు నుంచా, బడిలోంచా? పేరు తర్వాత స్కూల్లో ఎలాగూ చెబుతారు.

జులై

మార్క్ ట్వైన్ నవల టామ్ సాయర్‌తో మొదలుపెట్టాం, నండూరి రామమోహనరావు గారి తెలుగులో. ఈ వయసు పిల్లలకు తెలుగులో నవలలు తక్కువ. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి, పెద్దవాళ్ళ నవలలు దొరుకుతాయి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని చాలాకాలం అనువాదాలే నింపాయి. మాస్కో నుంచి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలతో పెరిగిన తరానికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

శిక్షగా పడిన కంచెకి సున్నం కొట్టే పనిని టామ్ తోటి పిల్లలతో చేయించుకునే అధ్యాయానికి రెండు ఆదివారాలు పట్టింది. ముప్ఫై గజాల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు అంటే ఎంతో చూద్దామని పిల్లలు మా పార్కింగ్‌ని అడుగులతో కొలిచారు. మా కాంపౌండ్ వాల్ దాని ముందు బుడ్డది. ఆ తర్వాతే టామ్ దిగులు వాళ్ళకి అర్థమైంది.

నాకు ముఖ్యమైన చోటు బెన్ రోజర్స్ వచ్చేది. వాడు ఆపిల్ కొరుక్కుంటూ, ‘బిగ్ మిసోరి’ అనే ఆవిరి పడవలా నడుస్తూ వస్తాడు. పడవా వాడే, కెప్టెనూ వాడే, గంటలూ వాడే. వీడికి పడవే ఎందుకు కావాల్సి వచ్చింది అని అడిగాను. కాసేపు నిశ్శబ్దం. మ్యాప్ తీసి మిసిసిపీ నది, దాని ఒడ్డున హానిబల్ ఊరు చూపించాను. మార్క్ ట్వైన్ పెరిగింది అక్కడే, కథలోని ఊరికి మూలమూ అదే. 1859లో ఆయన ఆవిరి పడవలు నడిపే లైసెన్సు తీసుకున్నాడు. ఆ కలం పేరు కూడా పడవవాళ్ళ కేకే: నీటి లోతు రెండు ఫాదమ్‌లు, అంటే పన్నెండు అడుగులు, పడవకి భయం లేదని. ఒక ఆరో తరగతి బుడ్డోడు వెంటనే "మేమైతే మెట్రో అవుతాం" అని, తలుపులు మూసుకునే అనౌన్స్‌మెంటు మూడు భాషల్లోనూ చేసి చూపించాడు. ఇక ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

బోనాల వారం ఎవరూ రాలేదు.

ఆగస్టు, సెప్టెంబర్

రైలుబడి. తెత్సుకో కురొయనాగి 1981లో జపాన్‌లో ‘తొత్తొచాన్’ పేరుతో తెచ్చిన పుస్తకానికి తెలుగు అనువాదం. అధ్యాయాలు చిన్నవి, పైకి చదవడానికి ఇంతకంటే అనువైనది నాకు కనబడలేదు. తడబడే పిల్లలకి కూడా ఒక అధ్యాయం పూర్తి చేశామన్న సంతోషం దక్కుతుంది. తొత్తొచాన్ అనే చిన్నపిల్లని మొదటి బడి నుంచి ఎందుకు పంపేశారో చదివేటప్పుడు ఒకటే నవ్వులు. మూత ఉన్న బల్లని అస్తమానూ తెరిచి మూయడం, కిటికీ దగ్గర నిలబడి వీధి వాద్యగాళ్ళని పిలవడం. కొత్త బడి హెడ్మాస్టర్ కొబయాషి ఆ పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలు కూర్చుని విన్నాడన్న చోట మాత్రం ఎవరూ నవ్వలేదు. "నాలుగు గంటలా? మా సార్ నాలుగు నిమిషాలు కూడా..." అని ఒకడు మొదలుపెడితే పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

ఇక్కడే పెద్ద చర్చ వచ్చింది, ఇది నవలా, జ్ఞాపకాలా అని. పిల్లల సూత్రం సులువు: ‘నేను’ అని ఉంటే నిజంగా జరిగింది, ‘అతను, ఆమె’ అని ఉంటే కథ. ఆ సూత్రాన్ని పరీక్షిద్దామని బోర్డు మీద గళ్ళు గీశాను. రైలుబడి అంతా తొత్తొచాన్ అలా చేసింది, ఇలా అంది అనే ఉంటుంది, కానీ ఆ తొత్తొచాన్ రచయిత్రే, ఇందులో కల్పించినది ఏదీ లేదని చివర్లో ఆమే చెప్పుకుంది. టామ్ సాయర్ నవల. అయినా చాలా సంఘటనలు నిజంగా జరిగినవేనని, ఒకటి రెండు తనవి, మిగతావి తోటి పిల్లలవని ట్వైన్ ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ముళ్ళపూడి బుడుగేమో మొదటి నుంచి చివరి దాకా నేను, నేను అంటూనే ఉంటాడు. ఆ బుడుగు అచ్చంగా కల్పన. మొగుడిని ‘ముగుడు’ అనే ఆ పిల్లాడి నోటి మాట వెనక ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడని తెలిసి ఒకమ్మాయికి కోపం వచ్చింది. "అంటే మనల్ని మోసం చేశాడా?" అంది. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు, వాళ్ళనే తేల్చుకోమన్నాను. తేలలేదు. ఇంటికి వెళ్తూ లిఫ్టులో కూడా వాదించుకున్నారు.

అక్టోబర్

దసరా సెలవుల్లో ఊళ్ళకి వెళ్తారు కదా, అక్కడి పెద్దవాళ్ళ నోటి నుంచి తలా ఐదు మాటలు పట్టుకురమ్మన్నాను. పుస్తకంలోంచి ఎత్తి రాయకూడదు, చెవిన పడాలి. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో అన్నారో కూడా రాయాలి.

ఈ ఏడాదిలో నాకు బాగా నచ్చిన పని ఇదే. మా గుంపులో కరీంనగర్ వాళ్ళున్నారు, శ్రీకాకుళం వాళ్ళున్నారు, ప్రొద్దుటూరు నుంచి వచ్చినవాళ్ళున్నారు. ‘మధ్యలో కాడి పడేశాడు’ ఒకరు తెచ్చారు. ‘ఇప్పటికి గాడిలో పడ్డాడు’ ఇంకొకరు. ‘మొహం చేటంత అయింది’, ‘బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు’, ‘పని పట్టాలెక్కింది’. అన్నిటికీ అదే ప్రశ్న: ఎక్కడి నుంచి వచ్చింది? గోడకి అంటించిన చార్టు మీద పొలం, వంటిల్లు, రోడ్డూ రైలూ, ఒళ్ళు, దేవుడు అని గళ్ళు గీసి మాటల్ని సర్దాం. కాడి అంటే ఎద్దుల మెడ మీద పెట్టేదని సగం మందికి తెలియదు. చేటని వరలక్ష్మీ వ్రతం రోజు మాత్రమే చూశారు. గాడిని మాత్రం ఒకడు చక్కగా పట్టుకున్నాడు, బళ్ళు తిరిగి తిరిగి మట్టిరోడ్డు మీద పడిన చాళ్ళు వాళ్ళ తాతగారి ఊళ్ళో ఇంకా ఉన్నాయట.

పొలం గడి నిండిపోయింది. ఒళ్ళు గడిలో కూడా చోటు లేదు, ‘అరికాలి మంట నెత్తికెక్కింది’ లాంటివి లెక్కలేనన్ని. అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి, అదే అలంకారాలు పద్యాల్లో ఉంటాయన్న పిల్ల, అడగకుండానే ఇంకో గడి గీసి పైన ‘ఫోన్’ అని రాసింది. కింద వరసగా: తాతయ్య హ్యాంగ్ అయ్యాడు, అమ్మకి ఛార్జింగ్ అయిపోయింది, వాడికి సిగ్నల్ అందలేదు. భాష పాడైపోతోందని బాధపడే పెద్దలు మా చార్టు చూడాలి. తాతలు చేలోంచి తెచ్చుకున్నారు, వీళ్ళు జేబులోంచి తెచ్చుకున్నారు. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పాను, ఇంగ్లిష్‌లో మెటఫర్ అనేది ఇలాంటి వాటినే అని. "ఓహో" అని నోట్‌బుక్‌లో రాసుకుంది.

నవంబర్

పదాల పని. నియమాలు ఇవి. వారానికి నాలుగు పదాలు మించకూడదు. పదం ఒక్కటే రాయకూడదు, పుస్తకంలోని వాక్యం మొత్తం రాయాలి. ముందు ఊహించాలి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి, చివరికే నిఘంటువు. ఈ వరస మారిస్తే నిఘంటువు నుంచి ఎత్తి రాసేసి చేతులు దులుపుకుంటారు.

నిఘంటువుకి ఆంధ్రభారతి సైటు వాడుతున్నాం, ఒకసారి వెతికితే చాలా నిఘంటువుల్లోంచి అర్థాలు వస్తాయి. కాకపోతే పాత నిఘంటువుల దగ్గర ఒక చిక్కు. ‘గుర్రం’ అని వెతికితే దొరకని చోట ‘గుఱ్ఱము’ అని వెతకాలి. సున్నాతో ముగిసే మాటలు చాలావరకు అక్కడ ‘ము’తో ఉంటాయి, కొన్నిటిలో ‘ర’ బదులు బండి ర (ఱ) ఉంటుంది. ఇవి రెండూ నేర్పితే పిల్లలు సొంతంగా వెతుక్కుంటారు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో అర్థం ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి మావాళ్ళు దాని మీదే ఎగబడ్డారు. తీరా చూస్తే కొన్నిచోట్ల ఆయన ఇంగ్లిష్‌కి ఇంకో నిఘంటువు కావాల్సి వచ్చింది. వ్యవసాయం, చేనేత పనిముట్ల పేర్లకి మాత్రం మాండలిక వృత్తి పదకోశాలు. వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఒకే వస్తువుకి ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంటుంది. అది తెరిస్తే పిల్లలు ముందు వాళ్ళ వాళ్ళ జిల్లా వెతుక్కుంటారు.

డిసెంబర్

గాంధీ గారి ఆత్మకథ ‘సత్యశోధన’లో బడి రోజుల భాగం చదివాం. స్కూల్ ఇన్‌స్పెక్టర్ జైల్స్ స్పెల్లింగ్ రాయమని ఐదు ఇంగ్లిష్ మాటలు చెప్పడం, ‘కెటిల్’ దగ్గర గాంధీ తప్పు రాయడం, పక్కవాడి పలక చూసి దిద్దుకోమని మాస్టారే బూటు కొనతో సైగ చేయడం. నవల కాని పుస్తకంలో ఇంత ఉత్కంఠ ఉంటుందని పిల్లలు అనుకోలేదు.

తర్వాత వాళ్ళ సొంత జ్ఞాపకం రాయడం. ఒక పేజీ, ఒక్క సంఘటన. ‘చాలా’, ‘ఎంతో’ నిషిద్ధం. పోలిక ఒక్కటే ఉండాలి, అది వాళ్ళు కళ్ళారా చూసినదై ఉండాలి. చందమామ, పువ్వు, సముద్రం వద్దు. సముద్రం వద్దన్నందుకు శ్రీకాకుళం పిల్లాడు అభ్యంతరం చెప్పాడు, వాళ్ళ ఊరు తీరంలోనే ఉంది. వాడొక్కడికీ అనుమతి. ఒకరు రిజల్ట్స్ రోజు గురించి రాశారు: "నాన్న ఏమీ అనలేదు. ఆయన మొహం లోడ్ అవుతున్న వీడియోలా ఉంది." నేను దిద్దింది ఒక్క ఒత్తే.

జనవరి

సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళి వచ్చాక సమీక్షలు. పిల్లలు సమీక్ష అనగానే కథంతా మళ్ళీ రాసేస్తారు. దానికి మందుగా మూడే ప్రశ్నలు ఇచ్చాను: ఎక్కడ చదవడం ఆపాలనిపించింది, ఈ పుస్తకం ఎవరికి ఇవ్వవు, ఇందులో ఏ వాక్యం నీదైతే బాగుండును అనిపించింది. రెండోదానికే మంచి జవాబులు వచ్చాయి. "టామ్ సాయర్ మా తమ్ముడికి ఇవ్వను. ఇప్పటికే వాడి పనులన్నీ నాతో చేయిస్తున్నాడు" అని ఒకటి. "రైలుబడి మా ప్రిన్సిపాల్‌కి ఇవ్వను, ఇస్తే నేనే ఇచ్చానని తెలిసిపోతుంది" అని ఇంకొకటి.

ఫిబ్రవరి, మార్చి పరీక్షలు కాబట్టి క్లాసు ఉండదు. ఏప్రిల్ చివర్లో మళ్ళీ మొదలుపెడతాం. ఈసారి అనువాదాలు పక్కనపెట్టి, అమెరికాలోని తెలుగు సంఘం తానాతో కలిసి ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వేసిన పిల్లల నవలల్లోంచి ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. ఏది అన్నది పిల్లలే తేలుస్తారు. రెండు మూడు పుస్తకాల మొదటి పేజీలు పైకి చదువుతాను, ఏది ఆపితే ఎక్కువ గోల చేస్తారో అదే కొంటాను.