టాంట్రిక్స్ ఎత్తులకు మార్కులు: సంచి ఖాళీ కాగానే తప్పుతున్న లెక్క

టాంట్రిక్స్ ఆరు అంచుల బిళ్ళల ఆట: ఒక్కో బిళ్ళ మీద మూడు రంగుల గీతలుంటాయి, ఆనుకున్న అంచుల్లో రంగులు కలిసేలా సంచిలోంచి తీసిన బిళ్ళలు పేర్చి, తన రంగు గీతను పొడిగించాలి. ఇందులో ఎత్తులకు విలువ కట్టే మా పైథాన్ ప్రోగ్రాం సంచిలో బిళ్ళలున్నంతసేపూ చక్కగా ఆడుతోంది. సంచి ఖాళీ అయిందా, చేతికి అందిన 14 మార్కులను వదులుకుని 8 మార్కులతో ఆట ముగిస్తోంది. ఈ వారమంతా దీని మీదే.

గీతల పొడవు కొలిచే భాగం, చుట్టు (రెండు కొసలూ కలిసిన గీత) మూసుకుందో లేదో చూసే భాగం రెండూ కుదిరాయి. గీతకైతే బిళ్ళకి 1 మార్కు, చుట్టుకైతే బిళ్ళకి 2.

పీటముడి ఎక్కడంటే: మన రంగు ఎరుపులో 7 బిళ్ళల గీత ఒకటి, 6 బిళ్ళల గీత ఒకటి, మధ్యలో ఒక ఖాళీ గడి. గడికి రెండు వైపుల ఎరుపు ఉంది, వాటి నడుమ ఒక అంచు ఇంకా తెరిచే ఉంది. కలిపితే 7+6+1=14, అంటే లాభం 7. మొత్తం 56 బిళ్ళల్లో ఈ గడిలో పట్టేవి 18. నడిమి అంచుకి నీలం వచ్చి చేరితే అవి 6కి పడిపోతాయి. పసుపైనా ఆకుపచ్చైనా అంతే. కానీ అప్పుడు గడికి మూడు వైపులు మూసుకున్నాయి కాబట్టి అది తప్పనిసరి గడి అవుతుంది, పట్టే బిళ్ళ ఉన్నవాడు పెట్టి తీరాలి. ప్రత్యర్థి దగ్గరుంటే వాడే మన గీత కలుపుతాడు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

అందుకే ప్రోగ్రాం ఆ 7ని దాచుకున్న సొమ్ములా చూస్తోంది. కలిపేస్తే +7. కలపకుండా 7 బిళ్ళల గీత తోక (బయటి కొస) పొడిగిస్తే +1, పైగా గడి విలువ 7, వెరసి 8. కాబట్టి తోకే పొడిగిస్తోంది. సంచిలో బిళ్ళలుండగా ఇది మరీ తప్పేమీ కాదు, ఎందుకంటే ఒకే గడికి మూడో ఎరుపు తగిలించకూడదని నియమం. సంచి ఖాళీ అయితే ఆ నియమం ఎత్తేస్తారు. ప్రత్యర్థి నడిమి అంచుకి ఎరుపే తెచ్చి పెడతాడు. ఏ బిళ్ళలోనూ ఒక రంగు రెండు అంచులకి మించి రాదు, కాబట్టి పట్టే బిళ్ళలు 18 నుంచి సున్నా. గడి చచ్చినట్టే.

మొదట గీత కొలతే తప్పేమో అనుకున్నాం. అదే స్థితిని చేత్తో పేర్చి లెక్కపెడితే 7, 6 సరిగ్గానే వచ్చాయి. తర్వాత గడి విలువను సగానికి, 3.5కి దించాం. తోక పొడిగిస్తే 4.5, కలిపితే 7, కాబట్టి చివరి ఆట బాగుపడింది. కానీ మధ్య ఆట చెడింది: ప్రత్యర్థి చేత కలిపించుకోగల గడిని కూడా తనే పూడ్చేసి, స్వేచ్ఛగా ఆడే ఎత్తును వృథా చేస్తోంది. ఏదో ఒక్క అంకె పెట్టి రెండు దశలనూ నెట్టుకురావడం కుదరదని నా నమ్మకం.

ఇప్పుడు పట్టుకున్న దారి వేరు. సంచి ఖాళీ కాగానే గడి విలువను పక్కన పెట్టి, ప్రత్యర్థి ఎత్తులన్నీ తిప్పి చూసి, మనకు మిగిలే కనిష్ఠాన్నే మార్కుగా వేయడం. బిళ్ళలు అందరి ముందూ తెరిచే ఉంటాయి కాబట్టి ఊహించాల్సిన పనే లేదు. 6 బిళ్ళలు, ఒక్కోటి 6 తిప్పులు, చుట్టూ 30 గడులు అనుకుంటే 1080 పరీక్షలు. పాత లాప్‌టాప్ కూడా మోస్తుంది. తప్పనిసరి గడులు గొలుసుగా పూడుతూ పోయినప్పుడే కొమ్మలు పెరిగి నెమ్మదిస్తోంది; అది ఇంకా తేలలేదు.

ఇక సొంతంగా బిళ్ళలు చేసుకునే సంగతి: 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) వద్దు. సాయంత్రం మా విజయనగరం అయ్యకోనేరు గట్టు మీద పరిస్తే గాలికి లేచిపోతాయి. 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొట్టుతో చేసే పలక) నయం. అసలు సెట్టులోని బేకలైట్ బిళ్ళల బరువు మాత్రం దేనికీ రాదు. స్టిక్కర్ ప్రింటు తీయించేటప్పుడు నీలాన్ని ముదురుగా, ఆకుపచ్చని లేతగా అడగండి, లేకపోతే కరెంటు పోయి ఎమర్జెన్సీ లైటు వెలిగాక రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తర్వాత చుట్టుల పని. 8 బిళ్ళల చుట్టు 16, అంటే 14 గీతను దాటేస్తుంది. గీత రెండు కొసలూ ఎంత దగ్గరికొస్తే చుట్టు మీద ఆశ పెట్టుకోవాలో ఆ హద్దు వెతకాలి. ఆ తర్వాత ముగ్గురు ఆటగాళ్ళతో.