సముద్రంలో పోయిన వలకు ఫొటో ఎక్కడిది?

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊరు ఆ తీరంలోనే ఉంది. రెండు రోజుల ముందే నాన్న, ఆయనతో వేటకు వెళ్లే ఐదుగురు కలిసి మా ఫైబర్ పడవను సరుగుడు తోట దాకా లాగి, రెండు మోకులతో చెట్లకు కట్టేశారు. ఇంజను విప్పి ఇంటికి మోసుకొచ్చారు. వల మాత్రం పడవలోనే ఉండిపోయింది. తడిసిన వల ఎత్తడమంటే మామూలు సంగతి కాదు, ఆ వానలో ఎవరికీ ఓపిక లేదు. తర్వాత ప్రభుత్వ సాయం కోసం మేం తిరిగిన తిరుగుడులో సగం ఆ వల గురించే.

గాలి తగ్గాక వెళ్లి చూస్తే ఒక మోకు తెగిపోయి, పడవ ఇసుకలో ఒరిగి ఉంది. అణియం, అంటే పడవ ముందు కొస, దగ్గర మొదలైన చీలిక నడుం దాకా వచ్చింది, అందులో నా చెయ్యి దూరింది. వల లేదు. సరుగుడు వేళ్లకు చుట్టుకుని ఓ పది బారల తాడు, దానికి వలను నీటిమీద తేల్చే బెండ్లు తొమ్మిదో పదో మిగిలాయి. నాన్న వాటిని విప్పుకోబోతుంటే నేనే ఆపాను. "ఎక్కడివక్కడే ఉండనీ నాన్నా, లెక్కలు రాసేవాళ్లు చూడాలి" అన్నాను.

అది నా తెలివేమీ కాదు. అంతకుముందొక తుఫానులో పెదనాన్న పడవ దెబ్బతింటే రెండో రోజే అతుకులు వేయించుకున్నాడు. నష్టం రాయడానికి వచ్చినవాళ్లు బాగున్న పడవను చూసి వెళ్లిపోయారు. విరిగిన పడవను ఎదురుగా పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చోవడం వేటగాడికి ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. నాన్న రోజూ పొద్దున్నే వెళ్లి పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు.

నాలుగో రోజు మత్స్యశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. మొదట రిజిస్ట్రేషన్ అడిగాడు. పడవ మేం పక్క ఊరి ఆయన దగ్గర కొన్నది, కాగితాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. మా వైపు ఇలాంటి పడవలు బోలెడు. డబ్బులు చేతులు మారతాయి, పడవ ఒడ్డు మారుతుంది, పేరు మాత్రం మారదు. ఆయన మంచివాడు కాబట్టి అమ్మినట్టు సంతకం పెట్టి ఇచ్చాడు. పెట్టనని భీష్మించుకుంటే సాయం కూడా ఆయన పేరుకే పోయేది.

ఆ తర్వాత వల.

"వల ఏదమ్మా?"

"సముద్రంలో పోయింది సార్."

"మరి నేను దేనికి ఫొటో తియ్యాలి?"

వెటకారంగా అన్నది కాదు. ఆయన ఫోన్‌లో ఫొటో ఎక్కిస్తే గానీ ఆ గడి నిండదట. వల కొన్నప్పుడు కొట్టువాడు ఇచ్చింది పేరూ ఊరూ లేని తెల్లకాగితం చీటీ. చివరికి బెండ్ల తాడు పట్టుకుని నాన్న నిలబడితే ఒక ఫొటో తీశాడు. దసరా సెలవుల్లో మా తమ్ముడు వల కుప్ప మీద ఎక్కి కూర్చుని దిగిన ఫొటో నా ఫోన్‌లో తేదీతో సహా ఉంది, అదీ జత చేశాం. పక్క పడవలవాళ్లు ముగ్గురితో సంతకాలు పెట్టించాం. ఆ రోజు ఆ తాడు కూడా లేకపోతే ఏం చేసేవాళ్లమో!

ఇంతకీ ఎంత డబ్బు కోసం ఇదంతా? 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం పడవ పూర్తిగా పోతే 15,000 రూపాయలు, పాక్షికంగా దెబ్బతింటే 6,000. వల పూర్తిగా పోతే 4,000, చిరిగితే 3,000. మా వల ఒక్కటే లక్ష పైమాట. ఇది నష్టపరిహారం కాదు, తక్షణ సాయం మాత్రమే అని ఆ సారే చెప్పాడు. మాట నిజమే కావచ్చు. కానీ తక్షణం అన్నాక త్వరగానైనా రావాలి కదా.

ఫారం నింపుతుండగా నాన్నతో వేటకొచ్చే బాబాయి ఒకాయన పక్కనే నిలబడి అంతా చూస్తున్నాడు. "మా పేర్లు ఎక్కడ రాస్తారు సార్?" అని అడిగాడు. పడవ ఆగితే వేటలో ఆయనకొచ్చే పాలు, అంటే వాటా, కూడా ఆగినట్టే. సార్ కాగితం ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. పడవ గలవాడి పేరుకు గడి ఉంది. పాలు మీద వెళ్లేవాడికి లేదు. బాబాయి ఇంకేమీ అడగలేదు, ఒరిగిన పడవ కింద ఇసుక తవ్వడానికి వెళ్లిపోయాడు.

అభ్యంతరాల కోసం జాబితా గోడకు అంటించారు. మా పడవ ఎదురుగా 'పాక్షికం' అని ఉంది. ఇంజను క్షేమం, పడవ ఆకారం నిలబడే ఉంది, అందుకట. ఫైబర్ పని చేసే మేస్త్రీని తీసుకొచ్చి చూపించాం. నడుం దాకా చీలిన పడవను అతికినా అలల మీద నిలబడదని ఆయన కాగితం మీద రాసిచ్చాడు. దాన్ని జత చేసి అభ్యంతరం పెట్టాను, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకున్నాను. రెండోసారి వచ్చి చూశాక 'పూర్తి' అని దిద్దారు. అడిగితే దిద్దుతారు. అడగాలని చాలామందికి తెలియదు, జాబితా అంటించిన సంగతే కొందరికి తెలియదు.

సంక్రాంతి వెళ్లింది, ఫిబ్రవరి వెళ్లింది, డబ్బులు పడలేదు. ఆఫీసులో అడిగితే ఎప్పుడో జమయ్యాయన్నారు. పాస్‌బుక్ చూస్తే లేవు. ఎవరో తింటున్నారని ఊళ్లో అనుమానాలు మొదలయ్యాయి, నాకూ వచ్చింది. తర్వాత బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి చెబితే నాన్న ఫోన్ నుంచి *99*99*1# కొట్టి ఆధార్ నంబరు ఇచ్చాను. ఆధార్‌కు చివరిసారి ఏ బ్యాంకును జత చేశామో ఆ పేరు వస్తుంది. ఆధార్ ద్వారా వేసే ప్రభుత్వ డబ్బు ఆ బ్యాంకుకే వెళ్తుంది, ఫారంలో మనం ఏ ఖాతా నంబరు రాసినా సరే. వచ్చింది చూస్తే, ఎప్పుడో ఎవరో ఊళ్లోకొచ్చి తెరిపించిన ఖాతా, నాన్న మర్చిపోయినది. పాత ఫోన్ నంబరు, కాబట్టి మెసేజ్ కూడా రాలేదు. వాడక మూతపడిన ఆ ఖాతాను తెరిపించడానికి మళ్లీ కేవైసీ, మళ్లీ రెండు రోజులు.

ఏప్రిల్ 5న 19,000 చేతికి వచ్చాయి. అప్పటికే నాన్న చేపలు కొనే షావుకారు దగ్గర అప్పు చేసి పాత పడవ ఒకటి తెచ్చుకున్నాడు. ఆ డబ్బు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, "మిగతాది వేట మీద చూసుకుందాంలే" అన్నాడు. ఏటా సముద్రంలో వేట ఆపించే నిషేధం మొదలవడానికి పది రోజులుంది.