పాత ల్యాప్‌టాప్‌లో ఏ భాగం మార్చాలి, ఎక్కడ ఆగాలి

ఏడెనిమిదేళ్లు వాడిన ల్యాప్‌టాప్ నెమ్మదించగానే చాలామందికి ముందుగా తోచేది ర్యామ్ (నడుస్తున్న పనుల డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) పెంచడం. అది ఎప్పుడూ వృథా అని అనను కాని, యంత్రం దేనికోసం ఆగుతోందో చూడకుండా ఏ భాగం కొన్నా అదృష్టాన్ని నమ్ముకున్నట్టే. చూడటానికి ప్రత్యేకమైన పరికరమేదీ అక్కర్లేదు. రోజూ తెరిచే బ్రౌజర్ ట్యాబ్‌లు, పత్రాలు అన్నీ తెరిచి, పని చేసుకుంటూనే విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీని కాసేపు గమనిస్తే చాలు. డిస్క్ గీత నూరు శాతానికి అంటుకుపోయి, ప్రాసెసర్ మాత్రం ఇరవై శాతం కూడా దాటకుండా ఉంటే, ప్రాసెసర్ చేయగల పని ఉన్నా డిస్క్ నుంచి డేటా రాక ఖాళీగా ఉందన్నమాట.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ అందులోని కొంత డేటాను డిస్క్ మీదకు దించి, అవసరమైనప్పుడు మళ్లీ పైకి తెచ్చుకుంటుంది. అప్పుడు కూడా డిస్క్ నూరు శాతమే చూపిస్తుంది. కనుక డిస్క్ గీతతోపాటు మెమరీ గీతనూ చూడాలి. మెమరీ సగమే నిండి ఉన్నా డిస్క్ సతమతమవుతుంటే లోపం డిస్క్‌దే. రెండూ నిండిపోతే రెండింటి గురించీ ఆలోచించక తప్పదు.

యంత్రంలో ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నట్లయితే దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) వేయడమంత ఫలితమిచ్చే మార్పు మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టు పూర్తి చేయడానికి సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే తల సరైన వరుసకు జరగడం, కావలసిన భాగం దాని కిందకు రావడం కలిపి చూస్తే, అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద కూడా చదవలేదు. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగమేదీ లేదు కనుక అదే పని మిల్లీసెకనులో పదో వంతుకు అటూఇటూగా ముగుస్తుంది. విండోస్ బూట్ అయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరుచుకునేటప్పుడు జరిగేదంతా ఇలాంటి చిన్న ఫైళ్ల చదువే. అందుచేత, తమ ల్యాప్‌టాప్‌లో ఉన్నది సెకనుకు 300 ఎంబీ కూడా దాటని పాత సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) కనెక్షనే కదా అని వెనుకాడేవారికి నేను చెప్పేది ఒకటే: ఆ పరిమితి పెద్ద ఫైళ్ల కాపీకి అడ్డు వస్తుందే తప్ప, రోజువారీ వాడకంలో కనిపించే వేగానికి పెద్దగా అడ్డు రాదు. ఎం.2 స్లాట్ (పలుచని కార్డు రూపంలోని ఎస్‌ఎస్‌డి పట్టే చోటు) ఉన్నవారు మాత్రం కొనేముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడాలి. చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని స్లాట్‌లు సాటా కార్డునే, కొన్ని అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ కార్డునే తీసుకుంటాయి.

పాత డిస్క్‌ను కొత్తదానిలోకి క్లోన్ చేసేముందు (ఉన్నది ఉన్నట్టుగా కాపీ చేసేముందు) దాని స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) ఒకసారి చదవడం మంచిది. పాడైన సెక్టార్ల (డేటా ఉంచే చిన్న భాగాల) సంఖ్య పెరుగుతూ ఉంటే క్లోనింగ్ సంగతి తర్వాత, ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటకు కాపీ చేసుకోవాలి.

ర్యామ్ విషయంలో 4 జీబీ నుంచి 8 జీబీకి వెళ్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. 8 నుంచి 16కు వెళ్లడం మాత్రం మెమరీ గీత నిజంగా నిండుతున్నవారికే ఉపయోగం. పలుచని మోడళ్లలో చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి (లోహంతో అతికించి) ఉంచుతారు కనుక అక్కడ చేయగలిగేదేమీ లేదు. డీడీఆర్3 (ఒక పాత తరం ర్యామ్) కాలపు యంత్రమైతే వోల్టేజీ కూడా చూసుకోవాలి, 1.35 వోల్టులకే రూపొందించిన ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల మాడ్యూల్ పెడితే అసలు బూట్ కాకపోవచ్చు.

ఏమీ కొనకుండానే వేగం తిరిగివచ్చే సందర్భం కూడా ఉంది. ప్రాసెసర్ నూరు డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వెనుక మూత విప్పి చూస్తే, ఫ్యాన్‌కూ గాలి బయటకు పోయే రేకులకూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంటుంది. బయటి నుంచి ఎంత ఊదినా అది కదలదు, ఫ్యాన్ విప్పి తీయాల్సిందే. గాలి కొట్టేటప్పుడు రెక్కలు గిరగిర తిరగకుండా వేలితో పట్టుకోవాలి. అదే చేత్తో, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటకు చేరవేసే లేపనం) తుడిచి కొత్తది రాస్తే మళ్లీ విప్పే పని తప్పుతుంది.

బ్యాటరీ మార్పు వేగానికి కాదు, వాడకానికి సంబంధించినది. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ చార్జ్ కెపాసిటీ సగానికి పడిపోయి కనిపించినా, ఎప్పుడూ బల్ల మీదే పెట్టి వాడేవారికి మార్చాల్సిన తొందర లేదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు భాగం సమంగా ఆనకపోయినా అది వేరే సంగతి. అది బ్యాటరీ ఉబ్బిందనడానికి గుర్తు కావచ్చు. వెంటనే చార్జింగ్ ఆపి, గుచ్చకుండా, నొక్కకుండా తీయించేయాలి.

ఏ భాగం మార్చినా దాటలేని గోడ ప్రాసెసర్. గత పదేళ్ల ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటిలో అది మదర్‌బోర్డుకు సోల్డర్ అయ్యే ఉంటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయాన్నీ, ఇంటెల్‌లోనైతే కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్‌నూ కోరుతుంది. ర్యామ్ ఎంత పెంచినా ఆ అర్హత రాదు. ఆ అర్హత లేని యంత్రానికి లినక్స్ (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవడానికి సిద్ధపడేవారు ఎస్‌ఎస్‌డికి నిస్సంకోచంగా ఖర్చు పెట్టవచ్చు, ఎందుకంటే రేపు ఈ యంత్రం పోయినా ఆ ఎస్‌ఎస్‌డిని ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి వాడుకోవచ్చు. పాత తరం ర్యామ్‌కు ఆ సౌకర్యం లేదు, కొత్త యంత్రంలో అది పట్టదు. మూత కీలు విరిగి, చార్జింగ్ పిన్ వదులై, తెర మీద గీతలు పడుతున్న ల్యాప్‌టాప్‌కైతే నేను ర్యామ్ గాని బ్యాటరీ గాని కొనను. ఉన్న డేటాను బయటకు తీసుకుని, ఆ డబ్బును తర్వాతి యంత్రానికి దాచుకుంటాను.