అడిపోనెక్టిన్ ఎలీసా: కిట్ చేతికొచ్చాక మొదలైన అసలు పని

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తూ టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎలీసాతో (యాంటీబాడీలతో ప్రొటీన్‌ని పట్టి, వచ్చే రంగుని బట్టి ఎంతుందో చెప్పే పరీక్ష) అడిపోనెక్టిన్ కొలిచాను. కొవ్వు కణాల్లో తయారయ్యే ఈ ప్రొటీన్ ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడుతుంది. ఒంట్లో కొవ్వు పెరిగితే లెప్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అడిపోనెక్టిన్ మాత్రం తగ్గుతుంది. అందుకే నాకు దీని మీద అంత ఆసక్తి.

కిట్ కొనేటప్పుడు ధర చివర్లో చూడండి. అది మనిషి సీరానికి పనికొస్తుందా, మొత్తం అడిపోనెక్టిన్‌ని కొలుస్తుందా లేక అందులో హై మాలిక్యులర్ వెయిట్ (పెద్ద అణువుల) రకాన్ని మాత్రమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అన్ని శాంపిళ్లకూ సరిపడా ప్లేట్లు ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) తెప్పించుకోవాలి. లాట్ మారితే అంకెలూ కాస్త మారతాయి, తర్వాత కలిపి చూడలేం.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది పలచన మీద. రక్తంలో అడిపోనెక్టిన్ మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, కిట్ స్టాండర్డ్ కర్వ్ (మోతాదు ముందే తెలిసిన స్టాండర్డ్‌ల రీడింగులతో గీసే గీత) నానోగ్రాముల్లో. కిట్‌తో వచ్చిన కాగితంలో 100 రెట్లు పలచన అని రాసి ఉన్నా మా గైడ్ మేడమ్, "మన శాంపిళ్లతో చూడకుండా ప్లేటు పాడు చేయొద్దమ్మా" అన్నారు. కొన్ని సీరాలను 50, 100, 200 రెట్లు పలచన చేసి నడిపాం. 50 రెట్లకు 80 నానోగ్రాములు వస్తే, 100కి 40, 200కి 20 దగ్గర్లో రావాలి. వెనక్కి గుణిస్తే మూడింటికీ మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములే తేలాలి. అలా తేలకపోతే సీరంలోని ఇంకేదో అడ్డుపడుతోందని అర్థం. పయోగ్లిటజోన్ అనే షుగర్ మందు వాడేవాళ్లలో ఈ ప్రొటీన్ బాగా పెరుగుతుంది, వాళ్ల విలువలు కర్వ్ దాటిపోవచ్చు. అందుకని మందుల వివరాలు ముందే రాసుకున్నాం.

96 గుంటల ప్లేటులో 8 స్టాండర్డ్‌లు రెండేసి చొప్పున 16 తీసుకుంటే, మిగతా 80లో 40 మందివే పడతాయి. షుగర్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ప్రతి ప్లేటులో కలిపే పెట్టాను. విడివిడిగా పెడితే ప్లేటుకీ ప్లేటుకీ ఉండే తేడా జబ్బు తేడాలా కనిపిస్తుంది.

పని మొత్తంలో ఓపిక కావాల్సింది ప్లేటు కడగడానికే. బఫర్ నింపడం, వంపేయడం, ప్లేటు బోర్లించి టిష్యూ మీద గట్టిగా తట్టడం. ఒక మూల తడి మిగిలితే ఆ గుంటల రీడింగ్ తేడా వస్తుంది. టీఎంబీ (రంగు పుట్టించే ద్రావణం) పోశాక నీలం రంగు తిరుగుతుంటే ఎంత టెన్షనో! స్టాప్ సొల్యూషన్ పడగానే పసుపు, వెంటనే 450 నానోమీటర్ల దగ్గర రీడింగ్. జంట గుంటలు దగ్గరగా రాని శాంపిళ్లను మళ్లీ నడిపాను. ఇలా నడపాల్సి వస్తుందనే సీరాన్ని మొదట్లోనే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాం. ఒకే ట్యూబుని పదే పదే కరిగించి గడ్డకట్టించకూడదు.

రక్తమిచ్చిన ఒక పెద్దాయన, "నా రిపోర్టు ఎప్పుడిస్తావమ్మా?" అని అడిగారు. కిట్ పెట్టె మీద పరిశోధనకు మాత్రమే అని రాసి ఉంటుంది, ఆ అంకెతో ఎవరి జబ్బూ నిర్ధారించకూడదు. ఆయన పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పి, ఆసుపత్రి ల్యాబ్‌లో చేసిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు ఇచ్చాను. సంతకం తీసుకునే రోజే ఈ విషయం అందరికీ వివరంగా చెప్పాలని మా సమ్మతి పత్రంలో ఒక వాక్యం చేర్పించాం.