అద్దం వణుకు ఆగింది

మూడు నెలలుగా మా నాన్నగారి పాత కారు న్యూట్రల్‌లో ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే అద్దంలో వెనకాల బండ్లన్నీ రెండేసి కనిపించేవి. ఒకరు ప్లగ్గులు మార్పించారు, ఇంకొకరు కార్బ్యురేటర్ అన్నారు. డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు.

నిన్న మా వీధి చివరి మెకానిక్ బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేయించి, గేర్‌లో క్లచ్ కొంచెం వదలమన్నాడు. ఇంజిన్ ఓ పక్కకి లేచి దబ్బున పడింది. "ఇంజిన్‌కేం కాలేదు బాబూ, మౌంటింగ్ బుష్ పోయింది" అన్నాడు. అంటే ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచి, దాని వణుకు బండికి తగలకుండా ఆపే రబ్బరు దిమ్మ; మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది.

ఆయిల్ చాంబర్ కింద చెక్క పెట్టి జాకీతో ఎత్తి, బోల్టు లాగాడు. రబ్బరు పగుళ్లిచ్చి ఇనుప గొట్టం నుంచి ఊడిపోయి ఉంది. పైనుంచి కారిన ఆయిల్ తినేసిందట. కొత్తదానికి గ్రీజు రాద్దామా అంటే గయ్యిమన్నాడు. సబ్బునీళ్లే వాడాడు. జాకీ దించి, ఇంజిన్ బరువు పడ్డాకే బోల్టులు గట్టిగా బిగించాడు. ముందే బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరిగిపోతుందట.

ఇప్పుడు అద్దంలో ఒక్కో బండీ ఒక్కటిగానే కనిపిస్తోంది. డ్యాష్‌బోర్డు గలగల మాత్రం అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఆ వణుకులో వినపడలేదు, అంతే!